దొర పక్కన ఖాళీ

లక్ష్మీకాంతానికి మతిమరుపు లేదు. కాస్త ఉంటే ఇంటిల్లిపాదీ సుఖపడేవాళ్లమని ఆమె భర్త గోపీనాథ్ అంటుంటాడు, ఆమె వినకుండా.

నరసరావుపేట మల్లమ్మ సెంటర్ దగ్గర గోపీనాథ్‌కు స్టీలు సామాన్ల కొట్టుంది. అరవై దాటిన లక్ష్మీకాంతం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చి, ఆయన తిని కునుకు తీసేదాకా గల్లా దగ్గర కూర్చుంటుంది. కొన్న బిందె మీదో గిన్నె మీదో పేరు కొట్టించుకునేవాళ్లు ఆమె ఉన్నప్పుడే వస్తారు. ఎవరిస్తున్నారు, ఎవరికిస్తున్నారు, పెళ్లా సీమంతమా అని ఆరా తీసి, పొడుగు పేరును పొందిగ్గా కుదించి, చెక్కేవాడికి అప్పగిస్తుంది. పేరు లేకుండా పట్టుకుపోతామనేవాళ్లను ఆమె తేలిగ్గా వదలదు. పేరు లేని వస్తువు ఎవరింట్లో ఉంటే వాళ్లదైపోతుందని బెదిరించి మరీ కొట్టిస్తుంది.

ఆ పట్టింపు వాళ్లమ్మ నుంచి వచ్చింది. లక్ష్మీకాంతం పుట్టిల్లు వినుకొండ. తల్లి వైపు ముత్తాత చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ కొని, రైలెక్కించి పుదుచ్చేరికి పంపేవాడు. అక్కడ ఆ సరుకును ఓడకెక్కించే ఫ్రెంచి దొర ఒకడు మూటాముల్లే సర్దుకుని తన దేశం వెళ్లిపోతూ, ఇంట్లో అద్దాల బీరువాలోంచి రెండు పింగాణీ బొమ్మలు తీసి గుర్తుగా ఇచ్చాడు. అప్పటికే అవి ఆ దొర తాతల నాటివట.

జానెడు కన్నా కాస్త ఎత్తుంటాయి. ఒకడు గొర్రెల కాపరి. మొద్దు మీద కాలు పెట్టి పిల్లనగ్రోవి ఊదుతుంటాడు, కాళ్ల దగ్గర కుక్క. రెండోది అతని జోడీ. నెత్తిన గడ్డి టోపీ, ఎడమ చేతికి పూలబుట్ట, పైకెత్తిన కుడిచేతిలో ఒక గులాబీ, పాదాల దగ్గర ముడుచుకు పడుకున్న గొర్రెపిల్ల. ఆమె గౌను నిండా గోరంత పూలు. ఏ రెండు పూలూ ఒక్కలా ఉండవు. అచ్చు గుద్దింది కాదు, ఎవరో కూర్చుని సన్నటి కుంచెతో ఒక్కొక్కటీ వేశారు. చెంపల మీద గులాబీరంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనిపెట్టలేం. వినుకొండ ఇంట్లో అందరూ వాటిని దొర, దొరసాని అనేవాళ్లు. దసరా కొలువులో వాటిది ఎప్పుడూ పై మెట్టే.

లక్ష్మీకాంతం పెళ్లికి తల్లి ఆ జతను సారెలో పెట్టింది. పెట్టే ముందు, గిన్నెలకూ బిందెలకూ కొట్టించినట్టే వాటికీ పేరు కొట్టించాలనుకుంది. సామాన్ల మీద పేర్లు చెక్కేవాడు చూసి, ఉలి ఆనిస్తే చిట్లిపోతాయమ్మా, నా వల్ల కాదన్నాడు. ఆమె ఊరుకోలేదు. పటాలు కట్టే కొట్టుకు వెళ్లి, అద్దాలు కోసే వజ్రపు మొనతో రెండు బొమ్మల అడుగునా కూతురి పేరు గీయించుకొచ్చింది. లక్ష్మీకాంతం కూతురు దీపశ్రీ విజయవాడలో ఉద్యోగం చేస్తుంది. ఆ మధ్య దొర బొమ్మను ఫోటో తీసి ఎవరెవరికో పంపి, ఇలాంటివి కొని దాచుకునేవాళ్లు అడుగున గీత చూస్తే ముట్టుకోరని చెప్పి నెత్తి కొట్టుకుంది. లక్ష్మీకాంతం నవ్వింది. దాచుకోవడానికి వాళ్లెవరు, పేరు నాదైతే?

దీపశ్రీ ఫోటో తీసింది దొరను ఒక్కణ్నే. దొరసాని సంగతి వేరు.

పాతికేళ్ల కిందటి మాట. అప్పట్లో బరంపేట ఇంట్లో అన్నదమ్ములిద్దరూ కలిసే ఉండేవాళ్లు. మామగారు కోటిలింగం, అత్తగారు, పెద్దకొడుకు, అతని భార్య రామలక్ష్మి, గోపీనాథ్, లక్ష్మీకాంతం. దసరా కొలువు లక్ష్మీకాంతమే తీర్చేది. రోజూ దుమ్ము తుడిచే పని తోడికోడళ్లు వంతులేసుకునేవాళ్లు. దుర్గాష్టమి నాడు పేరంటానికి వీధి వీధంతా వచ్చింది. లక్ష్మీకాంతం హారతి తిప్పుతుండగా దొరసాని కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఊడి, గులాబీతో సహా కింది మెట్టు మీద పడింది. విరిగినచోట ఎండిన అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఎవరో విరగ్గొట్టి, మెతుకులు మెదిపి అతికించారు.

విరిగిన బొమ్మను కొలువులో పెట్టకూడదు. అది అందరికీ తెలుసు. తెలిసి పెడితే ఇంటికి కీడు.

"ఏమే కాంతం, విరిగినదాన్ని అతికించి అమ్మవారి ముందు నిలబెట్టావా?" అంది రామలక్ష్మి, అందరూ వినేట్టు.

లక్ష్మీకాంతం తాను నిక్షేపంగా ఉన్న బొమ్మనే పెట్టానంది. ముందురోజు తుడిచే వంతు ఎవరిదో గుర్తు చేయబోయింది. పెద్దకోడలి మాట మీద చిన్నకోడలు మాటాడటమేందని అత్తగారు కసిరింది. దశమి వెళ్లిన మర్నాడు కొట్లో కూర్చున్న కోటిలింగం కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఆయన గుండె అంతకు ముందే బాగాలేదని డాక్టరుకు తెలుసు, కొడుకులిద్దరికీ తెలుసు. ఆడవాళ్లకు మాత్రం మెతుకులంటిన బొమ్మే తెలుసు.

పెద్దకర్మ కాగానే రామలక్ష్మి దొరసానిని పాతగుడ్డలో చుట్టి తీసుకుపోయింది. సాగర్ కాలవలో వదిలేసి, తలస్నానం చేసి వచ్చానంది. దొర ఒంటరిగా మిగిలాడు. జత విడిపోయిన బొమ్మను కొలువులో పెట్టరు కాబట్టి అతన్ని లక్ష్మీకాంతం చీరల పెట్టెలో అడుగున పెట్టింది.

ఆ తర్వాత ఆమెను ఎవరూ తిట్టలేదు. తిడితే బదులు చెప్పేది. పేరంటాల్లో తాంబూలం అందరికీ అందాక ఆమెకు అందేది. సీమంతాల్లో గాజులు తొడిగే వరసలో ఆమె ముందుకు వస్తుంటే ఎవరో ఒకరు పిల్చి వంటింట్లో పని చెప్పేవాళ్లు. దీపశ్రీ పెళ్లిలో, సొంత కూతురి పెళ్లిలో, ఆమె హారతి పళ్లెం ఎత్తబోతే అత్తగారు ఒక్క మాటా అనకుండా చేతిలోంచి తీసుకుని రామలక్ష్మికి ఇచ్చింది. గోపీనాథ్ పందిట్లోనే ఉన్నాడు. పోనీలే కాంతం, అన్నాడు. ఆ రెండు ముక్కలూ ఆమె ఇప్పటికీ ఆయనకు అప్పజెబుతుంటుంది, సందర్భం ఉన్నా లేకపోయినా.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ చెయ్యి విరిగింది తన వల్ల కాదని, ఆ రోజు విన్న ఆడవాళ్ల ముందు, రామలక్ష్మి తన నోటితో చెప్పాలి. అత్తగారు పోయింది, ఉమ్మడిల్లు విడిపోయింది, బావగారు ప్రకాశ్‌నగర్‌లో రెండంతస్తుల మేడ కట్టాడు. ఆమె కోరిక మాత్రం ఉన్నచోటే ఉంది.

రెండేళ్ల కిందట ప్రకాశ్‌నగర్ మేడలో రామలక్ష్మి కొలువు పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. హాల్లో తొమ్మిది మెట్లు, వాటికి పట్టుబట్ట, రంగు లైట్లు. మొదటి ఏడే మహిళా మండలి వాళ్లు బహుమతిచ్చారు. బహుమతి తెచ్చింది పై మెట్టు మీది గోదాదేవి అని ఊరంతా చెప్పుకుంది. లక్ష్మీకాంతం కూడా వెళ్లింది. పిలుపు ఆఖర్న వచ్చినా వెళ్లకపోతే మళ్లీ అదొక మాట.

గోదాదేవి బాగానే ఉంది. ఎర్రచీర, బంగారు అంచు, పక్కకు తిరిగిన పెద్ద కొప్పు, చేతిలో పూలబుట్ట, మెడలో అసలు పూలదండ. కాళ్ల దగ్గర గోధుమరంగు దూడ.

లక్ష్మీకాంతం దూడ దగ్గర ఆగిపోయింది. గోదాదేవి పక్కన చిలకను చూసింది గానీ దూడను ఎప్పుడూ చూడలేదు. అదే అడిగింది.

"ఆమె మనసంతా గోకులంలో ఉండేది గదా, దూడ ఉండదా మరి?" అంది రామలక్ష్మి. "ఏందే నువ్వూ, దేవుడి దగ్గర లాయరు ప్రశ్నలు."

అందరూ నవ్వారు. లక్ష్మీకాంతమూ నవ్వింది. దూడ వెనక కాలు పొట్ట కిందికి ముడుచుకున్న తీరు చూస్తూ నవ్వింది. ఇంటికి వచ్చి ఎవరితోనూ అనలేదు. కాళ్లు ముడుచుకున్న దూడలు లోకంలో ఉండకపోవు. పెద్దకోడలి మీద రెండోసారి ఉత్త నోటితో మాటాడకూడదని ఆమె ఎప్పుడో అనుకుంది.

పోయినేడు దసరా ముందు, సెంటర్లో గాజులూ బొట్టుబిళ్లలూ అమ్మే రుక్సానా స్టీలు డబ్బా కొనడానికి కొట్టుకు వచ్చింది. మాటల్లో మాటగా, మీ తోడికోడలు బొమ్మకు గాజులు కావాలని ప్రాణం తీసిందని చెప్పుకొచ్చింది. పసిపిల్లల గాజులు పెద్దవయ్యాయట. చివరికి పూసలు గుచ్చి, దగ్గరదగ్గరగా నాలుగు వరసలు తనే చేసిచ్చింది.

"రెండు చేతులకీ ఇద్దామంటే వద్దన్నది పిన్నీ. కుడిచేతికే చాలంట. మణికట్టు అసలు కనపడగూడదంట. ఇదేం ముచ్చటో."

లక్ష్మీకాంతం డబ్బా మూత తీసి, వేసి, మళ్లీ తీసి చూపించింది. ధరలో తగ్గించమని రుక్సానా అడగక ముందే తగ్గించింది. తర్వాత నీ దగ్గర గోళ్లరంగు తుడిచే మందుందా అని అడిగింది.

"ఉంది. ఈ వయసులో మీకెందుకు పిన్నీ?"

"బాబాయికి ముచ్చటేసిందంటలే."

రుక్సానా విరగబడి నవ్వుకుంటూ పోయింది.

ఇంట్లో చీరల పెట్టె అడుగు నుంచి దొరను తీసింది. అతని మొద్దు వెనక, ఎవరికీ కనపడనిచోట, బజార్లో కొన్న ఎనామిల్ పెయింటు చుక్క పెట్టి రెండురోజులు ఆరనిచ్చింది. దూది మందులో ముంచి రుద్దింది. కొత్త పెయింటు కరిగి దూదికి అంటింది. కింద ఆకుపచ్చ అలాగే మెరుస్తూ ఉంది. కొలిమిలో కాల్చిన రంగును గోళ్లమందు ఏమీ చేయలేదు. బొమ్మను తిప్పి అడుగున తన పేరు చూసుకుంది. వజ్రపు మొన గీత కొంచెం వంకరగా, పెళ్లినాడు ఎలా ఉందో అలాగే ఉంది.

విజయదశమి సాయంత్రం కొలువు ఎత్తే ముందు ఒక ఆనవాయితీ ఉంది. మంగళహారతి పాడి, ఒక బొమ్మను పక్క మీద పడుకోబెడతారు. దాంతో ఆ ఏటికి కొలువు ముగిసినట్టు. అంతకుముందు ఏడు రామలక్ష్మి రాజు, రాణి కొయ్యబొమ్మల్లో ఒకదాన్ని పడుకోబెట్టింది. ఆ తొమ్మిది రోజులూ లక్ష్మీకాంతం పేరంటాలకు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఒక మాట వదిలింది. బహుమతి తెచ్చిన తల్లిని వదిలేసి కొయ్యబొమ్మను పడుకోబెట్టడమేమిటని. మహిళా మండలి పెద్ద నిర్మలకు ఆ మాట నచ్చింది. రెండురోజుల్లో అది నిర్మల సొంత ఆలోచన అయిపోయింది. పాతికేళ్ల కిందట బరంపేట పేరంటానికి కొత్తకోడలిగా వచ్చి, దొరసాని చెయ్యి పడ్డప్పుడు ముందు వరసలో కూర్చున్నది ఈ నిర్మలే.

దశమి సాయంత్రం దీపాలు పెట్టేవేళకు ప్రకాశ్‌నగర్ హాలు నిండిపోయింది. హారతి అయింది. నిర్మల లేచి, ఈసారి గోదమ్మను పడుకోబెట్టాలంది. రామలక్ష్మి బరువైన బొమ్మంది, అలంకారం చెదిరిపోతుందంది, వచ్చే ఏడు చూద్దామంది. ఎవరూ వినలేదు. ఆమె కోడలే వెళ్లి బొమ్మను దించి, చిన్న పట్టుదిండు మీద పక్కకు ఒరిగేలా పడుకోబెట్టింది.

నిలబడి ఉన్నంతకాలం కనపడని అడుగు ఇప్పుడు అందరివైపూ తిరిగింది. దానికీ ఎర్రరంగు దట్టంగా పూసి ఉంది.

లక్ష్మీకాంతం అక్షింతలు వేసేదానిలా ముందుకు వెళ్లింది. కొంగున ముడేసుకున్న దూది తీసి, గోళ్లమందు సీసా మూత తిప్పింది. ఘాటు వాసన హాలంతా పాకింది. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఏం చేస్తున్నావే అని రామలక్ష్మి అడిగేలోపే అడుగు సగం తెల్లబడింది. ఎరుపు కరిగి ఆమె వేళ్ల మీదుగా కారింది. ఇంకొంచెం దూది పెట్టి, కొట్లో గిన్నె తుడిచినంత నిదానంగా తుడిచింది. తర్వాత నిర్మలను పిలిచింది.

"కళ్లజోడు పెట్టుకుని ఇది చదువు వదినా."

నిర్మల వంగి, ముందు లోపల చదువుకుంది. తర్వాత పైకి చదివింది. "లక్ష్మీకాంతం."

వెనక కూర్చున్న పెద్దావిడ ఒకామె, ఇది ఆ కాలవలో వేసిన బొమ్మ కాదూ అని పక్కామెను అడిగింది.

రామలక్ష్మి తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ మాటకొస్తే ఆమె ఎప్పుడూ గట్టి మనిషే. అవును, కాలవలో వేయడానికి మనసొప్పలేదు, దాచానంది. పాడుబడి పోకుండా వినాయకుడి బొమ్మలకు రంగులేసేవాడి చేత లప్పం పెట్టించి, టోపీని కొప్పు చేయించి, రంగులేయించి దేవతను చేశానంది. "విరగ్గొట్టింది నువ్వు. బాగుచేయించింది నేను. ఇందులో నా తప్పేంది?" అని అడిగింది.

లక్ష్మీకాంతం ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టుంది. దూది పళ్లెంలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"సరే అక్కా, నేనే విరగ్గొట్టా అనుకో. విరిగిందని తెలిసీ నువ్వు రెండేళ్ల నుంచి అమ్మవారి ముందు ఎక్కించావు. నేను ఎక్కిస్తే మామగారు పోయారన్నావు." ఆగింది. "బావగారికి స్టెంటు వేసింది కిందటి కొలువు ఎత్తిన నెలలోనేగా?"

విరిగిన బొమ్మ వల్ల మనుషుల గుండెలు ఆగుతాయని లక్ష్మీకాంతం ఒక్కరోజూ నమ్మలేదు. నమ్మేవాళ్లు ఆ హాల్లో ఎంతమందో ఆమెకు తెలుసు. పాతికేళ్లు తన మెడకు కట్టి ఉన్న రాయిని విప్పి, ఆమె దాన్ని రామలక్ష్మి మెడకు కట్టింది. ముడి బిగిసిందో లేదో కూడా చూసుకుంది. రామలక్ష్మి కోడలు రెండడుగులు వెనక్కు వేసి, దిండు మీది బొమ్మకు దూరంగా నిలబడింది. ఇది ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదత్తయ్యా అంది. గొంతు చిన్నదే గానీ అందరికీ వినపడింది.

నిర్మల సర్దబోయింది. పేరు కాంతానిదే కాబట్టి బొమ్మను కాంతమే పట్టుకుపోతుందంది.

"విరిగినదాన్ని ఇంట్లో పెట్టుకుంటానా వదినా?" అంది లక్ష్మీకాంతం. "కాలవలో వేస్తానని అప్పుడు అక్క మాటిచ్చింది. ఆ మాట అలాగే ఉండిపోయింది. రేపు పొద్దున తీర్చుకుంటుంది. తోడు నేనెళ్తా."

మర్నాడు ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లారు. డ్రైవరు పాటలు పెట్టబోతే రామలక్ష్మి వద్దంది. ఊరు దాటాక వంతెన మీద ఆటో ఆపించారు. సాగర్ కాలవ నిండుగా పోతోంది. వరినాట్లు పడ్డ కాలం. పైనుంచి నీళ్లు గట్టిగా వదిలారు.

రామలక్ష్మి సంచిలోంచి బొమ్మను తీసింది. లక్ష్మీకాంతం అది చూడాలనుకోలేదు గానీ చూసింది. సీసా నిన్న పళ్లెంలోనే వదిలేసి వచ్చింది. రాత్రి రామలక్ష్మి ఆ మిగిలిన మందంతా వాడినట్టుంది. ముఖం కడిగినట్టు బయటపడింది. సన్నటి కనుబొమలు, నీలికళ్లు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియని ఆ చెంపల రంగు. మెడ కింద ఎర్రచీర అలాగే ఉంది, అంచున ఒకచోట రంగు లేచిపోయి, గోరంత నీలిపువ్వు కనపడుతోంది. వినుకొండ ఇంట్లో, తల్లి ఒళ్లో కూర్చుని, వేలితో తడిమిన పువ్వు అదో, దాని పక్కదో.

"కాంతం, మిగతాదీ తీయిస్తానే. చెయ్యి కూడా మంచివాడి చేత పెట్టిస్తా. జత కలుపుకో." రామలక్ష్మి బొమ్మను రెండు చేతుల్తో ముందుకు చాపింది. ఆమె ఏడవడం లక్ష్మీకాంతం అంతకుముందు చావుల్లో తప్ప చూడలేదు. "నా చేతిలోనే విరిగింది. తుడుస్తుంటే మెట్టుకు తగిలింది. భయమేసి అతికించా. అందరి ముందూ ఊడేసరికి నీ పేరు నోటికొచ్చింది. ఆ తర్వాత మామయ్య పోయాడు. ఇంక వెనక్కి తీసుకోడానికి ఎక్కడుందే దారి?"

పాతికేళ్లు ఎదురుచూసిన మాట అది. వంతెన మీద విన్నది మాత్రం తనూ, దూరంగా బీడీ కాల్చుకుంటున్న ఆటో డ్రైవరూ.

"నాకు చెప్తే ఏం లాభం?" అంది లక్ష్మీకాంతం. "నాకు తెలుసుగా."

"తీసుకోవే, నీకు దణ్నం పెడతా."

"వెయ్యి అక్కా. నీ చేత్తోనే."

రామలక్ష్మి చాలాసేపు పట్టుకుని నిలబడింది. లారీ ఒకటి పోతే వంతెన కంపించింది. చివరికి కళ్లు మూసుకుని వదిలింది. హోరులో చప్పుడు కూడా వినపడలేదు. లక్ష్మీకాంతం పిట్టగోడ మీద చేతులాన్చి, నీళ్లలో ఎరుపు ఎక్కడైనా తేలుతుందేమోనని కాసేపు చూసింది. పింగాణీ తేలదు.

ఆ మధ్యాహ్నం మామూలుగానే క్యారేజీ తీసుకుని కొట్టుకు వెళ్లింది. గోపీనాథ్‌కు సంగతంతా అప్పటికే చేరింది. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, అమ్మ ఇచ్చింది గదా, తెచ్చుకోవలసింది కాంతం అన్నాడు.

"తెచ్చుకుంటే ఆమెకు తేలికైపోయేది" అంది.

పోనీలే అనడం ఆయన ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తులేదు. ఆ రోజూ అనలేదు.

ఆమె బాధపడలేదని రాస్తే అబద్ధం. కార్తీకంలో ఒకరోజు కాలవ కట్టేశారని విని, ఒంటరిగా ఆటో మాట్లాడుకుని వంతెన దాకా వెళ్లి వచ్చింది. బురద, ప్లాస్టిక్ సంచులు, ఎవరో వదిలిన పటాలు. దిగి వెతకలేదు. దిగితే కాళ్లకు బురదంటుతుంది, ఎవరన్నా చూస్తే రామలక్ష్మికి చెబుతారు.

ఈ ఏడు దసరాకు ప్రకాశ్‌నగర్‌లో కొలువు పెట్టలేదు. బరంపేట పాత ఇంట్లో, పాతికేళ్ల తర్వాత, లక్ష్మీకాంతం పెట్టింది. అయిదే మెట్లు. పై మెట్టు మీద దొర, మొద్దు మీద కాలు పెట్టి, పిల్లనగ్రోవి ఊదుతూ. జతలేని బొమ్మను పెట్టకూడదని దీపశ్రీ ఫోన్లో గుర్తు చేస్తే, జత ఉందనీ ఊళ్లో లేదనీ చెప్పింది. దొర పక్కన దొరసాని నిలబడేంత మేర ఏ బొమ్మా పెట్టలేదు. అక్కడ చిన్న ముగ్గు వేసి వదిలేసింది.

అష్టమి పేరంటానికి పిలవడానికి కుంకుమ భరిణె పట్టుకుని ముందుగా వెళ్లింది ప్రకాశ్‌నగర్‌కే. బొట్టు పెట్టి పిలిచినవాళ్లింటికి ముత్తయిదువ వెళ్లకపోతే అది ఊళ్లో పెద్ద మాట. రామలక్ష్మి తలుపు తీసి, భరిణె చూసి, తలుపు మీద చెయ్యి తీయలేదు.

"నన్నెందుకే పిలవడం?"

"ఇంటికి పెద్దకోడలివి. నువ్వు లేకుండా హారతా?" అంటూ లక్ష్మీకాంతం ఆమె నుదుట బొట్టు పెట్టింది. నిండుగా, చక్కగా పెట్టింది.

అష్టమి సాయంత్రం రామలక్ష్మి వచ్చింది. ఆమెకోసం మెట్లకు ఎదురుగా, ముందు వరసలో కుర్చీ వేసి ఉంది. వచ్చినవాళ్లందరికీ ముందుగా తాంబూలం ఆమెకే ఇచ్చింది లక్ష్మీకాంతం. నిర్మల వచ్చింది, రుక్సానా వచ్చింది, ఆ రోజుల్లో వచ్చినవాళ్లలో బతికున్నవాళ్లు చాలామంది వచ్చారు. కొత్తగా కాపరానికి వచ్చిన పక్కింటి పిల్ల కొలువంతా కలయజూసి, పై మెట్టు దగ్గర ఆగింది.

"ఈయన పక్కన ముగ్గేసి ఖాళీగా వదిలారేంది పిన్నీ?"

లక్ష్మీకాంతం చేతిలోని హారతి పళ్లెంలో కర్పూరం సర్దుతోంది. తలెత్తలేదు.

"అక్కనడుగమ్మా. ఆమె చెబుతుంది."

రామలక్ష్మి వక్క నోట్లో వేసుకోబోయి ఆపేసింది. అందరూ ఆమెవైపు తిరిగారు. నిర్మల కుర్చీ కొంచెం దగ్గరకు జరుపుకుంది. రామలక్ష్మి గుమ్మంవైపు ఒకసారి చూసింది, పై మెట్టువైపు ఒకసారి చూసింది.

"అక్కడ దొరసాని ఉండేది" అంది. "తుడుస్తుంటే నా చేతిలో విరిగింది."

"కొంచెం గట్టిగా చెప్పక్కా" అంది లక్ష్మీకాంతం, అగ్గిపుల్ల గీస్తూ. "వెనకవాళ్లకు వినపడాలి."

రామలక్ష్మి మళ్లీ మొదటినుంచి చెప్పింది. వచ్చే ఏడు పిలుపుకు కూడా లక్ష్మీకాంతం భరిణె నిండా కొత్త కుంకుమ పోసి ఉంచింది.